చుట్టూ పచ్చదనమే, చేతిలో మాత్రం ఫోన్: గోదావరి డెల్టాలో ప్రకృతి థెరపీ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు

సోషల్ మీడియా అడిక్షన్‌కి ప్రకృతే మందు అనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది, చెట్ల మధ్య నడవండి, నది ఒడ్డున కూర్చోండి, ఫోన్ దానంతటదే పక్కకి పోద్ది అని. హైదరాబాద్‌లో పదో అంతస్తులో ఉండేవాళ్ళకి ఈ మాట నచ్చుద్ది. గోదావరి డెల్టాలో ఉండేవాళ్ళకి మాత్రం ఇందులో ఎక్కడో లెక్క తప్పిందనిపిస్తుంది, ఎందుకంటే ముక్తేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఏ ఊళ్ళోనైనా సాయంత్రం పూట ఏటిగట్టు మీదకెళ్తే ఎదురుగా గోదారి పాయ, వెనకాల కొబ్బరి తోటలు, మధ్యలో వరసగా కూర్చున్న కుర్రాళ్ళు కనబడతారు, తలలన్నీ వంగిపోయే ఉంటాయి, నీళ్ళవైపు చూసేవాడు తక్కువ. పచ్చదనమే మందైతే కోనసీమలో ఎవరికీ ఈ సమస్య రాకూడదు కదా. వస్తోంది, బాగానే వస్తోంది. కాబట్టి ప్రకృతి పక్కన బతకడం ఒకటి, దాన్ని చికిత్సలా వాడుకోవడం ఇంకోటి అని ముందే గుర్తుపెట్టుకోవాలి. ఈ రెండింటి మధ్య తేడా ఏంటో తెలిస్తేనే డెల్టా కుటుంబాలకి ఈ థెరపీ వల్ల ఉపయోగం.

ముందు అడిక్షన్ అని దేన్నంటారో తేల్చుకోవాలి, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకి నచ్చనిదంతా అడిక్షనే అయిపోద్ది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ జబ్బుల జాబితా ఐసీడీ-11 అని 2022 జనవరి నుంచి అమల్లోకొచ్చింది, అందులో వీడియో గేమ్స్ వ్యసనాన్ని జబ్బుగా చేర్చారు గానీ సోషల్ మీడియాకి విడిగా పేరు పెట్టలేదు. అలాగని సమస్య లేదని కాదు, బెంగళూరులోని పెద్ద మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో టెక్నాలజీ వాడకం అదుపు తప్పినవాళ్ళ కోసమే 2014లో షట్ క్లినిక్ అని మొదలుపెట్టారంటే అప్పటికే డాక్టర్ల దగ్గరకి మనుషులు వస్తున్నారనే అర్థం. బ్రిటన్ సైకాలజిస్ట్ మార్క్ గ్రిఫిత్స్ 2005లో ఏ వ్యసనానికైనా ఉండే ఆరు లక్షణాలు చెప్పాడు, ఇప్పటికీ చాలామంది వాటినే పట్టుకుంటారు: ఎప్పుడూ ధ్యాస దాని మీదే ఉండటం, మనసు బాగోకపోతే దాన్నే ఆశ్రయించడం, రోజురోజుకీ ఎక్కువ కావాల్సి రావడం, ఆపితే చిరాకు, కోపం, నిద్రపట్టకపోవడం, దానివల్ల చదువూ ఇల్లూ స్నేహాలూ దెబ్బతినడం, మానేసి మళ్ళీ అందులోకే జారిపోవడం.

ఇందులో గంటల లెక్క లేదు చూడండి. అది చాలా ముఖ్యం. భీమవరం వైపు రొయ్యల రైతు పొద్దున్నుంచీ వాట్సాప్ గ్రూపుల్లో ఏ కౌంటుకి ఎంత రేటు పలుకుతోందో చూస్తూనే ఉంటాడు, అది అతని వ్యాపారం. కోనసీమ పల్లెల నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు, వాళ్ళ పిల్లలకి అమ్మ మొహం కనబడేది ఫోన్‌లోనే, రోజుకి రెండు గంటలు వీడియో కాల్‌లో ఉన్నా దాన్ని వ్యసనం అనడం అన్యాయం. మరోవైపు రోజుకి గంటన్నరే చూసినా ఆ గంటన్నర కోసం అబద్ధాలాడే, రాత్రి దుప్పట్లో దాక్కుని చూసే, ఆపమంటే అన్నం మానేసే పిల్లాడికి సాయం కావాలి. ఎవరికి కావాలో గుర్తించకుండా అందరినీ తోటలోకి తోలితే ఏ థెరపీ అయినా అభాసు పాలవుద్ది.

ఈ అలవాటు ఇంత గట్టిగా ఎలా పట్టుకుంటుందో చూస్తే దానికి విరుగుడు ఎక్కడుందో కూడా తెలుస్తుంది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చవకైంది, తర్వాత టిక్‌టాక్ పల్లెపల్లెకీ పాకింది, 2020 జూన్ చివర్లో దాన్ని నిషేధించారు, ఆ ఖాళీ ఎక్కువ రోజులు లేదు, జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ ఇండియాలోకి వచ్చేశాయి. సరిగ్గా అదే టైమ్‌లో కరోనా, ఆన్‌లైన్ క్లాసులు, అంతవరకూ ఫోన్ ముట్టుకోనివ్వని ఇళ్ళలో కూడా పిల్లల చేతికి ఫోన్ వచ్చింది, క్లాసులు అయిపోయినా తిరిగి వెళ్ళలేదు. ఇక యాప్ లోపలి తయారీ సంగతికొస్తే, ఎంత కిందకి లాగినా అయిపోని పేజీని 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు, తర్వాత తానే దానికి బాధపడ్డాడు కూడా. దానికి తోడు అమెరికా సైకాలజిస్ట్ స్కిన్నర్ ఎప్పుడో పావురాల మీదా ఎలుకల మీదా చూపించిన సూత్రం ఒకటుంది, బహుమతి ప్రతిసారీ వస్తే అలవాటు అంత బలంగా ఉండదు, ఎప్పుడొస్తుందో తెలియకుండా అప్పుడప్పుడూ వస్తేనే మానలేనంత గట్టిపడుద్ది. తర్వాతి రీల్ బాగుంటుందో లేదో తెలియదు కాబట్టే వేలు ఆగదు.

ఇప్పుడు ప్రకృతి వైపు సిద్ధాంతం ఏం చెప్తోందో చూద్దాం. మిషిగన్ యూనివర్సిటీలో రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు 1980ల్లో ఒక ఆలోచనని పెంచి పోషించారు. మనకి రెండు రకాల శ్రద్ధ ఉంటుందని. ఒకటి మనం పట్టుబట్టి పెట్టేది, లెక్క చేసేటప్పుడు, బండి నడిపేటప్పుడు, క్లాసు వినేటప్పుడు వాడేది, అది అలిసిపోద్ది. రెండోది దానంతటదే లాగబడేది. ఇందులో కూడా మళ్ళీ తేడా ఉంది, కేకలు, గొడవలు, మెరిసే స్క్రీన్లు మనల్ని గట్టిగా లాగి ఇంక దేనికీ చోటివ్వవు, అదే కాలవలో నీళ్ళు పోతుండటం, కొబ్బరాకుల గలగల, చేలో గాలికి పైరు ఊగడం లాంటివి మెల్లిగా లాగుతాయి, చూస్తూనే వేరే ఆలోచన చేసుకోవచ్చు, పట్టుబట్టి పెట్టే శ్రద్ధకి ఈలోపు విశ్రాంతి దొరుకుతుంది. రీల్స్ ఆ గట్టిగా లాగే రకం. చూసేవాళ్ళకి రెస్ట్ తీసుకున్నట్టే ఉంటుంది గానీ లేచేసరికి ఇంకా అలిసిపోయి ఉంటారు.

కాప్లాన్లు ఇంకోమాట కూడా చెప్పారు, డెల్టా చిక్కుముడి విడిపోయేది అక్కడే. శ్రద్ధ తేరుకోవాలంటే మామూలుగా మనసుని పట్టి ఉంచే గొడవల నుంచి కాస్త బయటకి వచ్చినట్టు ఉండాలట. ఏటిగట్టు మీద కూర్చున్న కుర్రాడు ఇంట్లోంచి బయటకొచ్చాడు గానీ, జేబులో కాలేజీ గ్రూపు, కులం గ్రూపు, హీరో ఫ్యాన్స్ గొడవ, ఎవరు స్టోరీ చూశారు ఎవరు చూడలేదు అన్నీ వెంట తెచ్చుకున్నాడు. శరీరం గట్టు మీద ఉంది, అంతే. దీన్ని పరీక్షించి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. బిన్ జియాంగ్, విలియం సలివాన్ బృందం విద్యార్థుల చేత మెదడు అలిసిపోయే పని చేయించి, కొందరిని పచ్చటి చోట, కొందరిని చెట్లు లేని చోట కాసేపు కూర్చోబెట్టారు, సగంమందికి లాప్‌టాప్ ఇచ్చారు, సగంమందికి ఇవ్వలేదు. పచ్చటి చోట ఖాళీ చేతులతో కూర్చున్నవాళ్ళకే శ్రద్ధ మెరుగైంది, అదే పచ్చదనంలో లాప్‌టాప్ వాడినవాళ్ళకి ఆ లాభం పోయింది. గోదారి ఒడ్డున రీల్స్ చూస్తే గోదారి పనిచేయదు అన్నమాట.

పరిశోధనల్లో దొరికిన ఇంకో విషయం తల్లిదండ్రులకి బాగా పనికొస్తుంది. 2008లో మార్క్ బెర్మన్, జాన్ జొనైడ్స్, స్టీఫెన్ కాప్లాన్ కలిసి విద్యార్థుల్ని ఒకసారి చెట్ల తోటలోనూ ఒకసారి ఊరి మధ్య ట్రాఫిక్ రోడ్డు మీదా నడిపించారు, తోటలో నడిచొచ్చాక అంకెలు వెనక్కి చెప్పే పరీక్షలో మెరుగయ్యారు, రోడ్డు మీద నడిచొచ్చాక పెద్దగా అవలేదు. గమ్మత్తేమిటంటే హాయిగా ఉన్న ఎండాకాలంలో నడిచినవాళ్ళకీ గడ్డకట్టే చలిలో ఇష్టం లేకుండా నడిచినవాళ్ళకీ లాభం ఒకేలా వచ్చింది. అంటే పిల్లాడికి నచ్చట్లేదు, ముఖం ముడుచుకుని నడుస్తున్నాడు కాబట్టి దండగ అనుకోనక్కర్లేదు. 2015లో స్టాన్‌ఫర్డ్ వైపు గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం తొంభై నిమిషాల నడక మీద ఇంకొకటి చూసింది, పచ్చిక మధ్య నడిచినవాళ్ళలో ఒకే బాధని మళ్ళీ మళ్ళీ తలుచుకుని కుమిలిపోయే గుణం తగ్గింది, దానికి సంబంధించిన మెదడు భాగంలో చురుకు కూడా తగ్గింది, రద్దీ రోడ్డు పక్కన నడిచినవాళ్ళలో అలా జరగలేదు. సోషల్ మీడియాలో పడి ఉండేవాళ్ళలో చాలామందిని తినేసేది ఈ కుమిలిపోవడమే, ఫలానావాడు బైక్ కొన్నాడు, ఫలానా అమ్మాయి యూఎస్ వెళ్ళింది, నా ఫొటోకి లైక్ ఎందుకు రాలేదు అని.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నిజాయితీగా చెప్పుకోవాల్సింది ఒకటుంది. ఇవన్నీ శ్రద్ధ, ఒత్తిడి, మూడ్ గురించిన పరిశోధనలు, సోషల్ మీడియా వ్యసనం నయమైందని నిరూపించినవి కావు, పాల్గొన్నవాళ్ళు కూడా పదుల్లోనే. పైగా ప్రకృతి శిబిరాల్లో దేనివల్ల మేలు జరిగిందో విడదీయడం కష్టం. 2014లో కాలిఫోర్నియాలో ఆరో తరగతి పిల్లల్ని ఐదు రోజులు స్క్రీన్ లేని ఔట్‌డోర్ క్యాంపులో ఉంచితే ఎదుటివాళ్ళ ముఖంలో భావాలు గుర్తుపట్టడంలో మెరుగయ్యారు, బడిలోనే ఉండిపోయిన పిల్లలకంటే. అది అడవి వల్లా? ఫోన్ లేకపోవడం వల్లా? పొద్దస్తమానం తోటి పిల్లలతో మాట్లాడటం వల్లా? మూడూ కలిసి ఉన్నాయి. 2018లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మెలిస్సా హంట్ బృందం విద్యార్థుల్ని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకి పది నిమిషాలే అని మూడు వారాలు పరిమితి పెట్టారు, దాంతోనే ఒంటరితనం, దిగులు తగ్గాయి. కాబట్టి ప్రకృతి ఒక్కటే అన్నీ చేసేస్తుందనడం తప్పు. దక్షిణ కొరియాలో ముజు దగ్గర ఇంటర్నెట్ వ్యసనం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వమే 2014లో రెసిడెన్షియల్ కేంద్రం పెట్టింది, అక్కడ కూడా బయట గడపడం ఒక భాగమే, కౌన్సెలింగ్, కుటుంబంతో మాట్లాడించడం, కొత్త అలవాట్లు నేర్పడం మిగతాది.

మరి నెట్ తీసేస్తే సరిపోతుందా అంటే, ఆ ప్రయోగం కోనసీమలో ఎవరూ కోరుకోకుండానే జరిగింది. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయంలో అల్లర్లు జరిగాక చాలా రోజులపాటు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. చెట్లూ ఉన్నాయి, కాలవలూ ఉన్నాయి, నెట్ లేదు. అయితే అది ఎవరికీ థెరపీ కాలేదు, కాదు కూడా, భయం మధ్యలో బలవంతంగా తీసేసింది కాబట్టి. వర్క్ ఫ్రం హోమ్ చేసేవాళ్ళు సిగ్నల్ అందే చోటు వెతుక్కుంటూ వెళ్ళారు, నెట్ వచ్చిన రోజే పాత జీవితం యథాతథంగా మొదలైంది. మనిషి తనంతట తాను పక్కన పెట్టాలి, పెట్టిన ఖాళీలోకి ఏదో ఒకటి రావాలి, అది రోజూ జరగాలి. ఈ మూడూ లేకుండా లాక్కోవడం వల్ల మిగిలేది కోపమే. తండ్రి ఫోన్ లాక్కుని పోయి తోటలో నీళ్ళు పెట్టు అన్నాడంటే ఆ పిల్లాడికి తోట జైలు అవుద్ది, జీవితాంతం తోట అంటే అదే గుర్తొస్తుంది.

డెల్టాలో ఖాళీని నింపగలిగేవి ఏమున్నాయి? ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే టూరిస్ట్ స్పాట్ల జాబితా దీనికి పనికిరాదు. దిండి రిసార్టుకి తీసుకెళ్తే ఫొటోలు తీసుకుని పోస్ట్ చేస్తారు, ఫోన్‌తో బంధం ఇంకా బిగుసుకుంటుంది.

పిల్ల కాలవ మీద గాలం వేయడం ఉంది. ఇది ఆలోచిస్తే చాలా లోతైన విషయం. బెండు కదులుద్దో లేదో తెలియదు, జెల్ల పడొచ్చు, ఎర తినేసి పోవచ్చు, పొద్దుటంతా ఏమీ పడకపోవచ్చు. అంటే స్కిన్నర్ చెప్పిన అనిశ్చితి ఇందులో కూడా ఉంది, రీల్స్‌లో ఉన్న ఆకర్షణే ఇది. తేడా అంతా వేగంలో ఉంది. రీల్స్‌లో సెకనుకో ఆశ, ఇక్కడ అరగంటకో ఆశ. ఆ అరగంటలో కళ్ళు నీళ్ళ మీద ఉంటాయి, పక్కనున్నవాడితో రెండు మాటలు పడతాయి, మనసు ఎటో వెళ్ళి వస్తుంది. చీకటి పడితే ఆట అయిపోయింది, ఇంటికి పోవాలి, దీనికి అడుగూ అంచూ ఉన్నాయి. ఉత్కంఠకి అలవాటు పడిన మెదడుని ఒక్కసారిగా ధ్యానంలో కూర్చోమంటే కుదరదు, అదే రకం ఉత్కంఠని మెల్లిగా ఇచ్చే పనిలో పెట్టి వేగం తగ్గించుకుంటూ రావడం నయం. ఇదంతా ఒడ్డున కూర్చునే చేయాలి, కాలవలోకి దిగడం వేరే సంగతి, దాని గురించి కింద చెప్పుకుందాం.

ఇంకోటి మడ అడవి. కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు, 1978లో ప్రకటించారు, నీటి కుక్కలూ బావురు పిల్లులూ ఉన్న చోటు. చెక్క వంతెన మీద అరగంట తిరిగి సెల్ఫీ దిగి వచ్చేవాళ్ళే ఎక్కువ. కానీ అదే అడవిలో పోటు నుంచి పాటు దాకా ఒకచోట ఉండి చూస్తే వేరే అనుభవం, ఆరు గంటల పైచిలుకు పడుతుంది నీళ్ళు పూర్తిగా తీయడానికి, మెల్లిగా బురద బయటపడుద్ది, ఊపిరి పీల్చుకునే వేర్లు వేలల్లో పైకి పొడుచుకొస్తాయి, పీతలు బయటకొస్తాయి, బురదలో గెంతే చేపలు కనబడతాయి, కొంగలు దిగుతాయి. దీన్ని ఎవరూ ఫాస్ట్ ఫార్వర్డ్ చేయలేరు. గైడ్‌ని పెట్టుకుని, ఫోన్లన్నీ గేటు దగ్గర ఒక సంచిలో వేసి, పదిమంది కాలేజీ పిల్లల్ని ఒక పూటంతా అలా ఉంచే కార్యక్రమం అటవీ శాఖ, కాలేజీల ఎన్ఎస్ఎస్ యూనిట్లు కలిస్తే పెద్ద ఖర్చు లేకుండానే చేయొచ్చు. దెబ్బతిన్న చోట మడ మొక్కలు నాటే పని కూడా ఈ తీరంలో చాలా ఏళ్ళుగా జరుగుతోంది, ఉప్పునీళ్ళు లోపలికొచ్చేలా చిన్న చిన్న కాలవలు తవ్వి వాటి అంచుల్లో నాటతారు. 1996 నవంబర్ తుపాను దెబ్బ తిన్న ఊళ్ళకి ఆ మొక్క విలువ చెప్పక్కర్లేదు. ఫోన్‌లో పోస్ట్ పెడితే వచ్చే మెప్పు సాయంత్రానికి పోద్ది, నాటిన మొక్క వచ్చే ఏడాదికి ఎంత ఎదిగిందో వెళ్ళి చూసుకోవచ్చు, ఎదురుచూడటం అలవాటు చేయడానికి ఇంతకంటే మంచి పని డెల్టాలో కనబడదు.

కడియం నర్సరీలు కూడా ఇందులోకే వస్తాయి. అంటు కట్టడం, కవర్లలో మట్టి నింపడం, కుండీలు మార్చడం, ఇవన్నీ రెండు చేతులూ ఆడే పనులు, చేతికి మట్టి అంటుకున్నాక స్క్రీన్ తాకలేరు. హార్టికల్చర్ థెరపీ అని మానసిక వైద్యంలో చాలా దేశాల్లో వాడుతున్నది ఇదే. అయితే ఒక జాగ్రత్త, థెరపీ పేరు చెప్పి పిల్లల చేత ఊరికే కూలిపని చేయించే పరిస్థితి రాకూడదు.

కూలిపని అన్నాక ఇంకో మాట చెప్పకుండా ఉండకూడదు. ప్రకృతి అందరికీ ఒకేలా కనబడదు. సార్వా ఊడ్పుల్లో రోజంతా నడుం వంచి వచ్చిన తల్లికి సాయంత్రం చేలో నడవండమ్మా అని చెప్పడం అవమానం. దింపు కార్మికుడి కొడుక్కి కొబ్బరి చెట్టు అంటే నాన్న ప్రాణాలరచేతిలో పెట్టుకుని ఎక్కే చెట్టు. తోట ఉన్నవాళ్ళ పిల్లాడు తోటలో కూర్చుంటే విశ్రాంతి, తోట లేనివాళ్ళ పిల్లాడు అక్కడే కూర్చుంటే ఎవడ్రా అని కేకేస్తారు. పంచాయతీ చెరువు గట్టు, హైస్కూల్ గ్రౌండ్, లాకుల దగ్గర ఖాళీ స్థలం లాంటి అందరి చోట్లు లేకపోతే ఈ థెరపీ ఆస్తి ఉన్నవాళ్ళ థెరపీగానే మిగిలిపోద్ది. పైగా అలాంటి చోట్లు తగ్గిపోతున్నాయి. వరి చేలు రొయ్యల చెరువులైన ఊళ్ళలో గట్ల మీద చెట్లు లేవు, నీడ లేదు, రాత్రీ పగలూ చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల మోత.

ఆ చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండే కుర్రాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు. కరెంటు పోతే జనరేటర్ వేయాలి, ఏరియేటర్లు ఆగకుండా చూడాలి, తెల్లవార్లూ ఒక్కడే షెడ్డులో, తోడు ఫోనే. వాడిని అడిక్ట్ అని తిట్టడం సులువు. వాడికి చుట్టూ నీళ్ళూ ఆకాశం తప్ప ఇంకేం లేవు, అయినా అది ప్రకృతి థెరపీ కాదు, ఒంటరితనం. వాడికి కావాల్సింది పొద్దున్నే కాసేపు వెలుతురులో నడిచి సరైన నిద్ర, ఇద్దరు కలిసి చేసే డ్యూటీ, వారంలో ఒకరోజు సెలవు.

అమ్మాయిల విషయం ఇంకా కష్టం. ఇంటర్ చదివే అమ్మాయి సాయంత్రం ఒక్కతే కాలవ గట్టు మీద నిలబడితే పది ప్రశ్నలు వస్తాయి, అన్నయ్య మాత్రం రాత్రి తొమ్మిదింటికి వచ్చినా ఎవరూ అడగరు. చాలా ఇళ్ళలో అమ్మాయికి బయటి ప్రపంచం అంటే ఆ ఫోన్ ఒక్కటే. దాన్ని తగ్గించుకో అనేముందు ఆ ప్రపంచాన్ని ఇంకో రకంగా ఇవ్వగలగాలి, నలుగురు ఆడపిల్లలు కలిసి పొద్దున్నే సైకిళ్ళ మీద వెళ్ళొచ్చే ఏర్పాటు గానీ, పెరట్లో తన సొంతం అనుకునే నాలుగు మడులు గానీ, డాబా మీద కుండీలు గానీ. డాబా మీద గాలీ పక్షులూ ఆకాశం కూడా ప్రకృతే, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు.

ఎంతసేపు అనే దానికి రెండు అంకెలు పనికొస్తాయి. 2019లో ఇంగ్లాండ్‌లో దాదాపు ఇరవై వేలమంది సమాధానాలు చూస్తే వారానికి 120 నిమిషాలు దాటి ప్రకృతిలో గడిపేవాళ్ళు ఆరోగ్యం, మనసు బాగున్నాయని చెప్పే అవకాశం ఎక్కువగా ఉంది, అది ఒకేసారి గడిపినా ముక్కలుగా గడిపినా ఒకటే. అదే ఏడాది మిషిగన్‌లో మేరీకరోల్ హంటర్ బృందం నగరవాసుల్ని వారానికి మూడుసార్లైనా బయట గడపమని చెప్పి ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కొలిచింది, 20 నుంచి 30 నిమిషాల మధ్య ఎక్కువ తగ్గుదల వచ్చింది. ఆ అధ్యయనంలో ఫోన్, ఇంటర్నెట్, చదవడం, కబుర్లు అన్నీ వద్దన్నారు, చోటూ సమయం మాత్రం ఎవరికి వాళ్ళే ఎంచుకున్నారు. ఎంచుకునే స్వేచ్ఛ ఉండటం చిన్న విషయం కాదు. కాబట్టి రోజుకి అరగంట, వారానికి నాలుగైదు రోజులు, వీలైతే ఒకే చోట, ఒకే టైమ్‌కి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోవడం కాకుండా ఇంట్లోనే వదిలేసి. అత్యవసరానికి ఒక ఫోన్ కావాలంటే తోడొచ్చిన పెద్దవాళ్ళ దగ్గర కీప్యాడ్ ఫోన్ చాలు. మొదటి వారం భరించలేని బోర్ కొడుద్ది, చేయి జేబు తడుముకుంటుంది, ఆ చిరాకుని పిల్లాడి మొండితనం అనుకోకూడదు, అలవాటు వదిలేటప్పుడు వచ్చేదే అది. ఆ వారం ఖాళీగా కూర్చోమనడం కంటే చేతికి పని ఉండేవి పెట్టడం మంచిది.

డెల్టా ఏడాదంతా ఒకేలా ఉండదు కాబట్టి ప్లాన్ కూడా మారాలి. జూన్‌లో కాలవలకి నీళ్ళొదిలాక ఊడ్పుల హడావుడి, జులై ఆగస్టుల్లో గోదారి ఎర్రనీళ్ళతో పొంగుతుంది, అప్పుడు లంకల వైపు పోకుండా ఇంటి పెరడూ నర్సరీ పనులూ పెట్టుకోవాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అసలైన సీజన్, కొల్లేరు అటపాక దగ్గర గూడబాతులు, కోరింగలో వలస పక్షులు, పొద్దున మంచు. మేలో కాలవలు కట్టేశాక ఉక్కపోత, అప్పుడు తెల్లవారుజామునే, ఏడు దాటితే లోపలికి వచ్చేయాలి.

ఇక నీళ్ళలోకి దిగడం గురించి గట్టిగా చెప్పాల్సిందే. గోదారిలో, కాలవల్లో స్నానానికి దిగి పిల్లలు పోయిన వార్త రాని వేసవి లేదు, ఇసుక తవ్విన గోతులు పైనుంచి కనబడవు, ఈతొచ్చినవాడికి కూడా అంతు చిక్కవు. థెరపీ ఒడ్డు మీదే, నీళ్ళలో కాదు. సందెవేళ చేలగట్ల మీద తిరిగితే కాళ్ళకి చెప్పులు, చేతిలో టార్చి ఉండాలి, కట్లపాములు తిరిగే నేల ఇది.

కొందరికి ఇదంతా సరిపోదు. వారాల తరబడి నిద్ర లేకపోవడం, పరీక్షలు మానేయడం, మాటలు పూర్తిగా తగ్గిపోవడం, చచ్చిపోతాననడం, ఫొటోలతో ఎవరైనా బెదిరిస్తుండటం, ఇలాంటివి ఉంటే ఏటిగట్టు కోసం ఆగకుండా డాక్టర్ దగ్గరకే వెళ్ళాలి. ఫోన్ వ్యసనం వెనక దిగులు జబ్బు దాక్కుని ఉండటం సాధారణం, దానికి కౌన్సెలింగో మందులో కావాలి, నడక దానికి తోడు మాత్రమే. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే, డబ్బులు లేకుండా మాట్లాడతారు. నేరుగా చూపించుకోవాలంటే కాకినాడ ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

ఫలితం ఎలా తెలుసుకోవాలంటే స్క్రీన్ టైమ్ అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎండాకాలం సెలవుల్లో అది పెరుగుద్ది, పరీక్షలప్పుడు తగ్గుద్ది. దానికంటే పొద్దున లేచాక ఫోన్ ముట్టుకోడానికి ఎంతసేపు ఆగగలుగుతున్నాడు, రాత్రి ఎన్నింటికి నిద్రపోతున్నాడు, ఫోన్ లేకుండా ఒకళ్ళతో కూర్చుని కబుర్లు చెప్పగలుగుతున్నాడా, ఇవి ఇంట్లోవాళ్ళు గమనించుకుంటే చాలు, అదీ వాడి ముందు లెక్కలు రాసుకుంటూ కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు అన్నం దగ్గర యూట్యూబ్ పెట్టుకుని పిల్లాడిని మాత్రం గట్టు మీదకి పంపితే రెండో రోజే మానేస్తాడు, కాబట్టి ఆ అరగంట తండ్రి ఫోన్ కూడా ఇంట్లోనే ఉండాలి. రెండు నెలలు బాగా సాగి సంక్రాంతికి చుట్టాల పిల్లలొచ్చాక మళ్ళీ మొదటికి రావడం కూడా జరుగుద్ది, గ్రిఫిత్స్ చెప్పిన ఆరో లక్షణం అదే. అప్పుడు కేకలేయకుండా కనుమ వెళ్ళిన మర్నాడు పాత టైమ్‌కే పాత చోటికి తీసుకెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి, మొదటిసారి పట్టినంత టైమ్ ఈసారి పట్టకపోవచ్చు.